కడియపులంకలో మీవారి ఉద్యోగం, నిడదవోలులో మీ బ్యాంకు: ఇల్లు రాజమండ్రిలో ఎక్కడ తీసుకోవాలి?

అమ్మా, మీరు అడిగినవి ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీవారికి కడియపులంకలో ఒక నర్సరీ సంస్థలో లెక్కలు, లారీల లోడింగు చూసే ఉద్యోగం వచ్చింది. మీకు నిడదవోలు బ్రాంచికి బదిలీ అయింది. బాబు ఎనిమిదో తరగతి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు మీతోనే ఉంటారు. ఇన్నాళ్ళూ హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, కారు కొనక తప్పదా, ఇంత చిన్న ఊళ్ళో మాకు తోస్తుందా అన్నవి మీ సందేహాలు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యాను. సర్వీసంతా గోదావరికి అటూ ఇటూనే. కాబట్టి బస్సుల సంగతి ఎక్కువ చెబుతానేమో, ఓపిక పట్టండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇల్లు మీ రైలును బట్టి చూసుకోండి, మీవారి ఆఫీసును బట్టి కాదు. హైదరాబాద్‌లో అయితే రెండు ఆఫీసులకూ మధ్యలో చూసుకుంటారు. ఇక్కడ మధ్యలో ఉండేది గోదావరి. మీవారు చేసేది తూర్పు డెల్టాలో, మీరు చేయబోయేది పశ్చిమ డెల్టాలో. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొవ్వూరు, నిడదవోలు కూడా తూర్పు గోదావరిలోకి వచ్చాయి గానీ, కాగితం మీద జిల్లా ఒకటైనంత మాత్రాన ఏరు దాటడం తప్పదు కదా. మీవారు బండి మీద అరగంట అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. మీ పాసింజరు మీ కోసం ఆగదు.

రోడ్డు మీద ఏరు దాటడానికి మూడు దార్లున్నాయి. మొదటిది 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన. పైన రోడ్డు, కింద పట్టాలు. ఊళ్ళోంచి నేరుగా కొవ్వూరులో దింపుతుంది కాబట్టి అందరికీ అదే అలవాటు. కానీ పాతబడిన వంతెన. 2023లో మరమ్మతులకని కొన్ని వారాలు మూసేస్తే రెండు ఒడ్డుల వాళ్ళూ నానా అవస్థా పడ్డారు. రెండోది 2015లో వచ్చిన వంతెన, రైలు వంతెనలు కూడా లెక్కేస్తే ఏటి మీద నాలుగోది. గామన్ బ్రిడ్జి అంటేనే ఇక్కడ తెలుస్తుంది. వెడల్పుగా, సుఖంగా ఉంటుంది. విజయవాడ వైపు పోయే కార్లకు, లారీలకు దివ్యంగా పనికొస్తుంది గానీ ఊరికి పైన ఎక్కడో ఉంది, మీకు చుట్టు. మూడోది ధవళేశ్వరం బ్యారేజీ మీది రోడ్డు. కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట చోట తర్వాతి కాలంలో కట్టిన బ్యారేజీ ఇది. మధ్య మధ్య లంకలు, అంటే ఏటి మధ్య దిబ్బలు, దాటుకుంటూ విజ్జేశ్వరంలో తేలుతారు, అక్కడినుంచి నిడదవోలు దగ్గరే. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఈ దారి చాలా బాగుంటుంది. రోజూ ఆఫీసు టైముకు చేరాలంటే మాత్రం బాగోదు.

అందుకే రైలు అంటున్నాను. రాజమండ్రి, గోదావరి, కొవ్వూరు, పశివేదల, చాగల్లు, బ్రాహ్మణగూడెం దాటితే నిడదవోలు. మెయిన్ లైను కాబట్టి బళ్ళకు కొదవ లేదు. అక్కడినుంచి భీమవరం లైను చీలుతుంది గనక చాలా ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఆగుతాయి. చేరిన వారంలోనే సీజన్ టికెట్ తీసుకోండి. నెలకు గానీ మూడు నెలలకు గానీ ఇస్తారు, మూడు నెలలది లాభం. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే దాని మీద అదనంగా కట్టించుకోవాలి. రిజర్వేషన్ పెట్టెలో మాత్రం ఎక్కకండి, "కాసేపే కదా" అంటే టీసీ ఒప్పుకోడు. బండ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి నేను రాయను. స్టేషన్‌లో పొద్దున్న ఒక రోజు నిలబడి చూస్తే, టైమ్‌టేబుల్ చెప్పనివి కూడా తెలుస్తాయి: ఏ బండిని ఎక్కడ ఆపి ఉంచుతారు, ఏ ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఆడవాళ్ళ పెట్టె ఎదురుగా ఆగుతుంది.

మీ మూడో ప్రశ్నకు, అదే ఈ ఊళ్ళో తోస్తుందా అన్నదానికి, జవాబు కూడా ఆ పెట్టెలోనే ఉందని నా నమ్మకం. పొద్దున పాసింజరులో టీచర్లుంటారు, నర్సులుంటారు, మీలాగా బ్యాంకువాళ్ళుంటారు, కోర్టు గుమస్తాలుంటారు. సోమవారం నుంచి శనివారం దాకా అవే ముఖాలు. ఒకావిడ జేబురుమాలు వేసి ముగ్గురికి సీటు ఆపుతుంది. ఇంకొకావిడ ఒళ్ళో అరిటాకు పరుచుకుని మల్లెపూలు కడుతూ ఉంటుంది, నిడదవోలు వచ్చేసరికి మూర కట్టేసి పక్కామె జడలో తురిమేస్తుంది. పరీక్షల రోజుల్లో టీచర్లు కిటికీ రెక్క మీద పేపర్ల కట్ట పెట్టుకుని దిద్దేస్తుంటారు, వంతెన మీద గాలికి ఎగిరిపోకుండా చెప్పుల జతను బరువుగా పెట్టడం కూడా చూశాను. తలుపు దగ్గర కూరగాయల తట్టలు, పాలక్యాన్లు, వాటి పక్కన చుట్టలు కాల్చుకోవడానికి తంటాలు పడే ముసలాయన. వారం తిరక్కుండానే మీ పుట్టిల్లెక్కడో, జీతమెంతో, ఒక్కడే పిల్లాడేం అనో అడుగుతారు. హైదరాబాద్ అలవాటులో అది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఒకరోజు మీరు కనబడకపోతే ఫోన్ చేసేదీ వాళ్ళే. బాబుకు ట్యూషన్ మాస్టారు, అత్తగారికి ఆయుర్వేదం మందు, ఇంటికి పనిమనిషి, అన్నీ ఆ పెట్టెలోనే దొరుకుతాయి.

రైలుకు ఆటంకం వచ్చిన రోజుకు బస్సు గుర్తుపెట్టుకోండి. తుపాన్ల కాలంలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో, ఈ లైనులో బళ్ళను ముందురోజే రద్దు చేస్తుంటారు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటినప్పుడు అలాగే చేశారు. మామూలు రోజుల్లో కొవ్వూరు మీదుగా, విజ్జేశ్వరం మీదుగా నిడదవోలుకు బస్సులుంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోరు, కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. దానికి ఆంధ్రప్రదేశ్ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి మీదీ, మీ అత్తగారిదీ ఆధార్‌లో చిరునామా త్వరగా మార్పించుకోండి. సీటు మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. పథకం వచ్చాక పొద్దుటి పల్లెవెలుగులో కండక్టరు నడవడానికే చోటుండటం లేదు. పాత ఉద్యోగిగా నాకు వాళ్ళ మీద జాలి, నిండు బస్సు చూస్తే సంతోషం, రెండూ కలుగుతాయి.

ఇక ఇల్లు. స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో చూడండి. ఆల్కాట్ గార్డెన్స్, దానవాయిపేట నా మొదటి ఎంపిక. దానవాయిపేటలో అద్దె కాస్త ఎక్కువే, కానీ ఊళ్ళో పెద్ద డాక్టర్లలో సగంమంది ఆ చుట్టుపక్కలే కూర్చుంటారు, మీ అత్తగారి మోకాళ్ళకు రిక్షా కూడా అక్కర్లేదు. ప్రకాశ్ నగర్ కూడా మంచిదే. ఇన్నీసుపేట, ఆర్యాపురం వైపు పాత ఇళ్ళు, ఇరుకు సందులు. గోదావరి స్టేషన్ అటు దగ్గర. మోరంపూడి, హుకుంపేట, లాలాచెరువు వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చవగ్గా, విశాలంగా దొరుకుతాయి, మీవారికి హైవే కూడా కలిసొస్తుంది. అందుకే బ్రోకర్లు ముందు అటే తీసుకెళ్తారు. మీరు మాత్రం అక్కడినుంచి పొద్దున్నే సర్వీసు ఆటో కోసం నిలబడి, అది నిండేదాకా కూర్చుని, స్టేషన్‌కు చేరేసరికి బండి కదిలిపోతుంది.

ఏ ఇల్లయినా సరే, వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్ళి చూసి అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి. గోదావరి వరద ఊళ్ళోకి రాదు, ఏటిగట్టు ఉంది. ఊరిని ఇబ్బంది పెట్టేది పైనుంచి పడ్డ వాననీరు. కంబాలచెరువు, శ్యామలా సెంటర్, తుమ్మలావ ప్రాంతాల్లో గట్టి వానకు మోకాలి లోతు నిలుస్తుంది. గోడ మీద నీటి గుర్తు ఎక్కడిదాకా ఉందో చూడండి, సున్నం కొత్తగా వేసి ఉంటే ఎదురింటివాళ్ళను అడగండి. ఇంటాయన చెప్పడు, ఎదురింటావిడ తప్పకుండా చెబుతుంది.

ఇంకోటి, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత "మీరేమిటండీ?" అంటారు. ఎంతో మర్యాదగా, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. అడిగేది కులమే. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇది తగ్గింది గానీ పాత పేటల్లో పోలేదు. నా మట్టుకు నాకు అది తప్పే అనిపిస్తుంది. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేచి వచ్చేయండి. ఆ ప్రశ్న అడగని ఇల్లు నాలుగో వీధిలో దొరుకుతుంది.

మీవారి సంగతికి వస్తే, ఆయనకు మోటారు సైకిల్ చాలు. మోరంపూడి, బొమ్మూరు, వేమగిరి మీదుగా హైవే ఎక్కితే కడియపులంక ఎంతో దూరం కాదు. ఆ రోడ్డులో జాగ్రత్తగా ఉండాల్సింది వేగానికి కాదు, పక్కన ఆగి ఉన్న లారీలకు. వేమగిరి నుంచి పొట్టిలంక, బుర్రిలంక దాకా రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. లోడింగు ఉంటే లారీలు హైవే అంచున ఆపుకుంటారు, ఒక్కోసారి చీకట్లో వెనక లైటు కూడా ఉండదు. బెంగళూరుకో ఢిల్లీకో పోయే లారీ ఒకటి నింపడానికి పూట పడుతుంది. కింద మట్టికవర్లతో పెద్ద మొక్కలు నిలబెట్టి, కొమ్మల్ని తాడుతో ఒడిసి కట్టి, ఖాళీల్లో చిన్న కవర్లు ఇరికించి, పైన తడిపి గ్రీన్‌నెట్ కప్పుతారు. ఆ పని ఎండ తగ్గాకే మొదలవుతుంది గనక మీవారికి సాయంత్రం ఆరుకల్లా ఇల్లు అని రాసి ఇవ్వలేను. పెళ్ళిళ్ళ సీజన్లోనూ, తొలకరి పడి అందరూ మొక్కలు నాటే జూన్, జులై, ఆగస్టుల్లోనూ మరీ ఆలస్యం అవుతుంది. మరోపక్క కూలీలు, మొక్కలకు అంట్లు కట్టేవాళ్ళు పొద్దున్నే వచ్చేస్తారు. కడియపులంక పూలమార్కెట్ అయితే తెల్లవారకముందే మొదలవుతుంది. ఈ వేళలకు ఆటోలు దొరకవు, అందుకే సొంత బండి తప్పదంటున్నాను. ఒక లాభం ఉంది: మీ ఇంట్లో మొక్కలకూ పూలకూ లోటుండదు.

కారు ఇప్పుడే కొనకండి. తాడితోట బట్టల మార్కెట్లో, మెయిన్ రోడ్డులో కారు పెట్టే చోటు వెతికే లోపు సర్వీసు ఆటోలో వెళ్ళి పని చూసుకుని తిరిగి వచ్చేయొచ్చు. ఊళ్ళో సిటీ బస్సులు పెద్దగా లేవు, ఊరిని నడిపేది సర్వీసు ఆటోలే. ఎక్కేముందు "కోటిపల్లి బస్టాండా, కాంప్లెక్సా?" అని అడగండి. కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ పెద్ద బస్టాండు. కోటిపల్లి బస్టాండు, గోకవరం బస్టాండు రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. ఆ ఊళ్ళ బస్సులు ఆగే చోట్లు కాబట్టి ఆ పేర్లొచ్చాయి. కొత్తవాళ్ళు గోకవరం వెళ్ళాలేమో అని కంగారుపడతారు. ఆటో డ్రైవరును "బాబాయ్" అనండి, "ఓ ఆటో" అంటే వినబడనట్టు పోతాడు. బాబును కూడా పెద్దవాళ్ళతో "అండీ" అలవాటు చేయమనండి. ఇక్కడ కొట్టువాడు ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి కూడా "ఏం కావాలండీ" అంటాడు, తిరిగి "ఇవ్వు" అంటే వాడికి మనసు కష్టం. శని, ఆదివారాల్లో కోనసీమ వైపు వెళ్ళాలనుకుంటే కారు అద్దెకు తీసుకోండి. హైదరాబాద్ వెళ్ళిరావడానికి రాత్రి రైళ్ళున్నాయి, తొందరైతే మధురపూడి విమానాశ్రయం ఉంది.

మీ అత్తగారి గురించి నాకు ఏ బెంగా లేదు. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి చూసి నలుగురితో కూర్చుంటే ఆవిడకు పొద్దుపోతుంది. మెట్లు దిగకుండా పైనుంచే చూడమనండి, పాచి పట్టి జారుతాయి. కార్తీకమాసంలో మాత్రం తెల్లవారుజామున ఘాట్ వైపు పంపకండి, తొక్కిసలాట. బాబుకు సైకిల్ కొనివ్వండి. ప్రకాశ్ నగర్, దానవాయిపేట సందుల్లో ఎనిమిదో తరగతి పిల్లాడు సైకిల్ మీద బడికి వెళ్ళడం ఇంకా మామూలే, అది హైదరాబాద్‌లో మీకు దొరకనిది. వాడికి చదివే అలవాటుంటే గౌతమీ గ్రంథాలయం చూపించండి. నాటకాలు, పాటకచేరీలు ఆనం కళాకేంద్రంలో జరుగుతుంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు. మాల్స్, మల్టీప్లెక్సులు అంటారా, ఉన్నంతలో ఉన్నాయి. వాటి కోసం వచ్చేవాడికి ఈ ఊరు చిన్నదే.

ఖర్చుల్లో ఒకటి మీరు లెక్కలో వేసుకోరు: పెళ్ళిళ్ళు. ఆరు నెలల్లో మీ రైలు పెట్టెవాళ్ళు, మీవారి నర్సరీ రైతులు, పక్కింటివాళ్ళు అందరూ శుభలేఖ ఇస్తారు. వెళ్ళకపోతే నిష్ఠూరాలు, వెళ్తే చదివింపులు. మండపేట, రామచంద్రపురం, అమలాపురం ఎక్కడైనా సరే వెళ్ళి భోజనం చేసి రావాలి. ముహూర్తాలున్న రోజుల్లో బస్సులో చోటుండదు, ముందే చూసుకోండి. సంక్రాంతికి మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఎవరో ఒకరు వాళ్ళ ఊరు లాక్కెళ్తారు.

వేసవి గట్టిగా ఉంటుంది. సముద్రం దగ్గరని చల్లగా ఉంటుందనుకోకండి, ఉక్కకు ఏసీ లేకుండా నిద్ర పట్టదు. దాళ్వా, అంటే రెండో వరి పంట, అయ్యాక ఏప్రిల్‌లో కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, తిరిగి జూన్‌లో నీళ్ళు వదులుతారు. పల్లెల్లో ఆ రెండు నెలలు చెరువు నీళ్ళే ఆధారం. రాజమండ్రికి మాత్రం నేరుగా గోదావరి నీరే కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. జులై, ఆగస్టుల్లో పేపర్లో ధవళేశ్వరం మట్టం చూడటం మీకూ అలవాటవుతుంది. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిదానికి ఎవరూ పట్టించుకోరు. మూడోది వచ్చిందంటే బ్యారేజీ దారి వదిలేసి రైలే నమ్ముకోండి. మీవారి దగ్గర లంకల నుంచి వచ్చే కూలీలు ఆ రోజుల్లో పనికి రాలేరు, జీతం కోయొద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. 1986 వరదనూ 2022 జులై వరదనూ చూసిన ఊళ్ళవి. పుంతల్లోకి, అంటే పొలాల దారుల్లోకి, నీళ్ళొచ్చాయంటే ముందు గేదెల్ని గట్టెక్కిస్తారు, పని తర్వాతి సంగతి.

చివరగా అద్దె ఒప్పందం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల్లో పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో జరిగిన ఘోరం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు, కాబట్టి ఆ పన్నెండు రోజులూ రోడ్లు, రైళ్ళు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. ఘాట్లకు దగ్గరున్న ఇళ్ళను ఆ రోజులకు ఎక్కువ డబ్బుకు ఇచ్చుకోవాలని కొందరు యజమానులకు ఆశ ఉంటుంది. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడే గడువు పుష్కరాల ముందు ముగియకుండా తేదీలు చూసుకోండి. ఆ పన్నెండు రోజులకు సెలవు కూడా ఇప్పుడే మేనేజరుగారి చెవిన వేసి ఉంచండి. సెలవు దొరికినా విశ్రాంతి అనుకోకండి, హైదరాబాద్‌లో మీరు మర్చిపోయిన చుట్టాలందరూ మీ ఇంట్లోనే దిగుతారు. పరుపులు రెండు ఎక్కువ తెచ్చుకోండి.